మావయ్య ఇంజిను, నా మజిల్ కారు

ఆ రోజుల్లో నాకు తెలియనివి చాలా ఉండేవి. తెలియదన్న సంగతి కూడా తెలియకపోవడం వల్ల పనులు మాత్రం చకచకా సాగిపోయేవి. ఇరవై రెండేళ్ల వయసు, ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డులో ఉద్యోగం. పగలంతా క్లచ్ ప్లేట్లు మార్చేవాణ్ణి, భోజనాల వేళ ఫోనులో అమెరికా కార్ల వీడియోలు చూసేవాణ్ణి. పొడుగాటి ముక్కు, వెనక వెడల్పాటి టైర్లు, స్టార్టు చేస్తే గుర్రుమనే గొంతు. వాటిని మజిల్ కార్లంటారట. అలాంటిదొకటి నా చేతులతో కట్టాలని నిర్ణయించుకున్నాను. (అప్పటికి నాకు సొంత సైకిలు కూడా లేదు. దాన్నొక అడ్డంకిగా నేను భావించలేదు.)

ఈ సంగతి మొదట పక్క షెడ్డులో వెల్డింగు చేసే స్నేహితుడికి చెప్పాను. చుట్టరికం ఏమీ లేకపోయినా అతన్ని అందరూ వెల్డింగు బావ అనేవారు. ఎలా కడతావనిగానీ ఎందుకు కడతావనిగానీ అతను అడగలేదు. రంగేమిటని మాత్రం అడిగాడు. నలుపన్నాను. సరేనన్నాడు. షెడ్ల వెనక ఇంజిను ఊడదీసిన పాత కారొకటి తుప్పుపట్టి పడి ఉండేది. స్థలం ఖాళీ అయితే చాలని దాని యజమాని మాకు ఇచ్చేశాడు. ఏడాదిపాటు మా ఆదివారాలన్నీ దానికే పోయాయి. బానెట్ కోసి మూరెడు పొడిగించాం. ప్రమాదంలో నుజ్జయిన జీపు టైర్లు తెచ్చి వెనక బిగించాం. బానెట్ మీద గాలి పీల్చే మూపురం ఒకటి ఉండాలి గనక మా అమ్మ ట్రంకుపెట్టె మూత తీసుకొచ్చాను. (అడిగే తెచ్చాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.) నల్లరంగు ముందు తలుపుల దాకా వచ్చి అయిపోయింది. వెనకంతా రంగుకు ముందు పూసే ఎర్రటి ప్రైమరే. అది డిజైనని అడిగినవాళ్లకు చెప్పాం. ఇక లేనిది ఒక్క ఇంజినే.

అలాంటి సమయంలో వేసవి వచ్చింది, సముద్రంలో రెండు నెలల చేపల వేట నిషేధం మొదలైంది. మా మేనమామకు సముద్రం మీద వేటే బతుకు. బోట్లన్నీ ఇసుక మీదికి లాగేశాక ఆయన తన డీజిలింజిను ఆటోలో వేసుకుని మా షెడ్డుకు తెచ్చాడు. సర్వీసింగు చేయాలన్నాడు. ఇంట్లో ఆరుగురి తిండి ఆ ఇంజిను మీదే. నిషేధం ఎత్తేసిన మొదటి రోజు పడే వేట మళ్లీ ఏడాదంతా పడదు. "వేట తెరిసీ ముందురోజుకి నా ఇంజిను నా బోటుకాడుండాల్రా అల్లుడా," అని ఒక్కమాట చెప్పి వెళ్లాడు.

సర్వీసింగు నాలుగు రోజుల్లో అయిపోయింది. ఇంకా యాభై రోజులకు పైగా మిగిలాయి. ఇంజినును ఊరికే ఉంచితే పాడవుతుందనీ, అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండాలనీ నాకు నేనే సలహా ఇచ్చుకున్నాను. మర్నాడే వెల్డింగు బావ కొలతలు తీశాడు.

అది బోటులో ఉన్నప్పుడు సముద్రపు నీళ్లతో చల్లబడే ఇంజిను. కారులో సముద్రం లేదు గనక వెనక సీట్లో నీళ్ల డ్రమ్ము పెట్టి గొట్టం తగిలించాం. డ్రమ్ము పక్కన కూర్చుని నీళ్లు చూసుకునే బాధ్యత బావది. గుర్రుమనే గొంతు కోసం సైలెన్సరు తీసేశాను. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు అది గుర్రుమనలేదు, దడదడలాడింది. నాలుగు తలుపులూ వాటంతటవే తెరుచుకున్నాయి. చుట్టుపక్కల షెడ్లవాళ్లంతా బయటికొచ్చారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అందులో కొంత పొగ వల్ల. రోడ్డెక్కాక, పూర్తి వేగంతో పోతున్న మమ్మల్ని ఐసుదిమ్మల రిక్షావాడొకడు దాటుకుపోయాడు. పోతూ చాలాసేపు వెనక్కి తిరిగి చూశాడు.

గడువు రోజు రానే వచ్చింది. ఇంజిను అప్పగించాలి. దాన్ని ఆటోలో వేసుకెళ్లడం దేనికి, కారులోనే తీసుకెళ్తే పోలేదా అనిపించింది. ఆ కారును నడిపేది ఆ ఇంజినే అన్నది నాకు పెద్ద తేడాగా కనిపించలేదు. పొద్దున్నే బయల్దేరాం. మల్కాపురం దాటి, పోర్టు దగ్గర వంతెన ఎక్కేటప్పుడు బావ దిగి, నీళ్ల మగ్గు చేత్తో పట్టుకునే వెనకనుంచి తోశాడు. మధ్యాహ్నానికి మావయ్యవాళ్ల పేట చేరాం.

అప్పుడు జరిగిందేమిటంటే, పేటలోని ఆడవాళ్లూ ముసలివాళ్లూ మమ్మల్ని దాటుకుని సముద్రంవైపు పరుగెత్తారు. నిషేధం ఎత్తకుండానే ఎవరో బోటు వేసుకొచ్చారనుకున్నారు. పరుగెత్తనిది మావయ్య ఒక్కడే. వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తకుండా, "గొంతు మారింది గానీ, అది నా ఇంజినే," అన్నాడట. తర్వాత అత్త చెప్పింది.

నెమ్మదిగా లేచి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్రంకుపెట్టె మూత మీద వేలితో కొట్టి చూశాడు.

"ఇదేటిది?" అన్నాడు.

"మజిల్ కారు మావా. అంటే, కండలున్న కారు."

"కండలు నావి గదరా," అన్నాడు.

తిడతాడనుకున్నాను. లుంగీ సర్దుకుని, ముందు సీట్లో ఎక్కి కూర్చుని, "ఒక్కపాలి తిప్పు," అన్నాడు. తీరం పొడవునా తిప్పాను. ఊరేగింపులో పెళ్లికొడుకంత గంభీరంగా కూర్చున్నాడు. తిరిగొచ్చి దిగాక, "బాగుంది. ఇంక తీసెయ్," అన్నాడు.

తీయడం దగ్గరే వచ్చింది చిక్కు. గట్టిగా ఉండాలని బావ ఇంజినును బోల్టులతో కాక వెల్డింగుతో బిగించాడు. అది చాలదన్నట్టు బానెట్ కూడా ఆ తర్వాతే అతికించాడు. గ్యాస్ కట్టరు ఆటోనగర్‌లో ఉండిపోయింది. పేటలో దొరికినవి రెండు హేక్సా రంపాలు. తెల్లారితే బోట్లన్నీ కదులుతాయి, మావయ్యది ఒక్కటే ఇసుక మీద ఉండిపోతుందన్న భయం నాకు అప్పుడు పట్టుకుంది. ఏడాదిపాటు పొడిగించిన ముక్కును నేనే కోశాను. బ్లేళ్లు విరుగుతుంటే మావయ్య కొత్తవి అందించాడు. "పొరపాటైపోయింది మావా," అన్నాను. "ముందు కొయ్యి," అన్నాడు. ఎండ దిగేసరికి ఇంజిను బయటికొచ్చింది. ఆరుగురు మోసుకెళ్లి బోటులో పెట్టారు. సైలెన్సరు ఆటోనగర్‌లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

తెల్లవారుతూనే బోట్లు బయల్దేరాయి. వాటన్నిట్లో మావయ్య బోటు ఒక్కటే తీరమంతా దద్దరిల్లేలా అరుస్తూ పోయింది. ఒడ్డున నించుని నేను ఏడ్చాను. చేసిన తప్పుకు కుమిలిపోతున్నాననుకుని అత్త నా వీపు నిమిరింది. "మీ మావ ఏటనుకోడు లేరా," అంది. నేను ఏడ్చింది కారు కోసమని ఆమెకు చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ రోజు వేట బాగానే పడింది. చలికాలంలో వెళ్లి సైలెన్సరు బిగిస్తానంటే మావయ్య వద్దన్నాడు. మంచు పట్టిన పొద్దుల్లో మిగతా బోట్లవాళ్లు ఆ మోతను బట్టి తన జాడ తెలుసుకుంటున్నారట. కోసేసిన బానెట్ మీద అత్త చాలా ఏళ్లు చేపలెండబెట్టింది. రేకు త్వరగా వేడెక్కుతుందని మెచ్చుకునేది కూడా.

ఇప్పుడు నాకొక చిన్న కారుంది. ఇంజిను నడుస్తోందో ఆగిందో తెలియనంత నిశ్శబ్దం. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు, స్టీరింగు ముందు కూర్చుని ఎంతకీ దిగకపోతే, మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగింది. ఏమీ లేదు, మంచి కారు అన్నాను. నిజంగానే మంచి కారు. తలుపులు నాలుగూ వేసినవి వేసినట్టే ఉంటాయి.