కోడలి భుజం కొలత

నేనొకసారి తుపాకీ మడమను చున్నీ కింద దాచానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పలాస నుంచి టెక్కలి వెళ్లే బస్సు చివరి సీట్లో, నా పక్కనున్న ముసలాయన తువ్వాలు విప్పాడు. నాటు తుపాకీకని తాను చెక్కుతున్న కర్ర మడమను నా భుజానికి ఆనించమన్నాడు.

"జీడితోటలో ఎలుగు మావోడిని సంపేసింది. ఇప్పుడు కాపలా కోడలిదే. నీ అంతే ఉంటాది. మావని, దాని భుజం నేను కొలవకూడదు గదమ్మా."

నేను ఆనించి చూస్తుండగానే పోలీసులు బస్సెక్కారు. లైసెన్సు లేని తుపాకీ. దొరికితే ఆయన జైలుకే. మడమను చున్నీ కిందికి లాక్కున్నాను.

"ఏటమ్మా అది?" అన్నాడు కానిస్టేబులు.

"తమ్ముడి బ్యాటు సార్."

వాళ్లు దిగిపోయినా నా చేతుల వణుకు ఆగలేదు. ముసలాయన మడమ అందుకోకుండా ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు.

"పేల్సగలవా అని మా కోడల్నొక మాటైనా అడగలేదు తల్లీ."