కోడళ్ల పళ్లు

నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టడం కొత్త సంగతేమీ కాదు. దంతవైద్యంలో పీజీ చేసేటప్పుడు నా థీసిస్ కూడా దాని మీదే. గొర్లు మేపుకునే కుటుంబాలుండే ఒక చిన్న ఊరికి పోయి, అక్కడి బోరు నీళ్లు తాగేవాళ్ల పళ్లు చూడాలి. ఇంటింటికీ శుద్ధిచేసిన నది నీళ్ల నల్లా వచ్చి ఏళ్లయినా, క్లోరిన్ మందు వాసన వస్తుందని ఆ ఊరివాళ్లు తాగడానికి బోరు నీళ్లే పట్టుకునేవారు.

మొదటి ఇంట్లో ఒకావిడ చంటిపిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. నాకు చాయ్ ఇచ్చి అడిగింది.

"డాక్టరమ్మా, గీ బోరు నీళ్లు పిల్లకు తాపొచ్చునా? మా ఆయన పండ్లు ఎర్రగున్నయి గానీ గది బీడీల పుణ్యం. నేను గూడ గీ నీళ్లే తాగుతున్న. నా పండ్లు సూడు."

ముత్యాల్లా ఉన్నాయి. ఊరంతా చూశాక చెబుతానన్నాను. ఆ వారం నేను చూసిన ఆడవాళ్లలో చాలామంది పళ్లు అలాగే ఉన్నాయి. ఆ ఫ్లోరైడ్ నీళ్లలో ఇంత మంచి పళ్లా! ఏదో కొత్త సంగతి కనిపెట్టానని నేల మీద నడవలేదు నేను.

మా గైడ్ సారు కాగితాలన్నీ తిరగేసి ఒక్కటే అడిగారు. "పగటిపూట ఇండ్లల్ల ఎవలుంటరమ్మా?"

"ఆడవాళ్లు సార్. మగవాళ్లు గొర్ల వెంట పోతారు."

"ఆ ఆడోళ్లు ఏ ఊర్ల పుట్టిన్రు?"

నాకు ఒళ్లు మండింది. ఎండలో తిరిగింది నేను, ఫ్యాను కింద కూర్చుని తప్పులు పట్టేది ఈయన. బస్సులో సగం దూరం వచ్చాక గానీ కోపం దిగలేదు. దిగాక సారు ఏమడిగారో అర్థమైంది. పంటి పైపొర తయారయ్యేది చిన్నతనంలో. అప్పుడు తాగిన నీళ్లే లెక్క. నేను చూసినవాళ్లంతా కోడళ్లు, జడ్చర్ల వైపు నుంచీ కల్వకుర్తి వైపు నుంచీ వచ్చినవాళ్లు. ఊరి ఆడపిల్లలు ఎప్పుడో అత్తారిళ్లకు పోయారు, చిన్నపిల్లలు పగలంతా బళ్లో ఉంటారు. వారమంతా నేను చూసింది ఆ ఊరి నీళ్లను కాదు, కోడళ్ల పుట్టిళ్ల నీళ్లను.

మర్నాడు గొర్లు ఇంటికి మళ్లేవేళకు పోయాను. అక్కడే పుట్టి పెరిగిన మగవాళ్ల నోళ్లు తెరిపించి చూశాను. బీడీ ముట్టని పిల్లగాళ్లకు కూడా గోధుమరంగు చారలే.

తిన్నగా మొదటిరోజు చాయ్ ఇచ్చిన ఆవిడ ఇంటికి వెళ్లాను. "అక్కా, పిల్లకు బోరు నీళ్లు వద్దు. నల్లా నీళ్లే తాపు. బిందెలో కాసేపు ఉంచితే వాసన పోతది" అన్నాను.

ఆవిడ బోరు నీళ్ల బిందె ఎత్తి వాకిట్లో కుమ్మరించింది. తర్వాత పెద్దపిల్లను పిలిచి, పైపెదవి వేలితో ఎత్తి చూపించింది. పాలపళ్లు ఊడి కొత్తగా మొలుస్తున్న ముందు పళ్లు రెండూ సుద్ద పూసినట్టు, మధ్యలో గోధుమ చారతో ఉన్నాయి.

"బొగ్గుతోని రుద్దితే పోతదనుకున్న. గిది పోదా?"

పోదని చెప్పాను.

ఆవిడ పెదవి వదిలేసి, పిల్ల తల నిమురుతూ అంది.

"గిది పుట్టినప్పుడు గూడ నల్లా ఉండె, డాక్టరమ్మా."