రెండు ద్రాక్షల వైను

మిత్రుడిచ్చిన ఎర్ర వైను సీసాను ఇల్లందు దగ్గర కల్లు గీసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. నాకు అందులో పులుపు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆయన స్టీలు గ్లాసులో పోసుకుని, వాసన చూసి, ఒక గుక్క కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"గిది ఒక్క తీరు పండుది కాదు సారూ. ముందు మెత్తగ తగుల్తది, వెనక వగరొస్తది. రెండు కలిపిండ్రు."

"ఎట్ల తెలిసింది పెద్దయ్యా?"

"రోజూ నాలుగు తాటిచెట్ల కల్లు ఒక్క కుండల పోస్త. ఏ చెట్టుది ఎక్కువైందో నాలికకు తెలుస్తది."

సీసా వెనక చీటీ చదివితే నిజంగానే రెండు ద్రాక్షల పేర్లున్నాయి. చెప్పాను.

"అవ్, మంచిగనే కలిపిండ్రు. వగరుది జర తగ్గియ్యాలె," అన్నాడు.

ఈసారి నెమ్మదిగా తాగితే ఆ మెత్తదనం నాకూ అందింది. వగరు తగ్గాలన్న మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.