అవ్వకు ఈ-మెయిల్ లేదు

కొత్త సైటులో నా బ్లాగు మొదటి టపా తెరిచి కిందికి జరిపాను. రాసిందంతా ఉంది. ఫోటో కూడా ఉంది. అట్టడుగున మాత్రం "వ్యాఖ్యలు: 0" అని కనిపించింది. ఇంకో టపా తెరిచాను. అక్కడ పాఠకులు రాసిన మూడు వ్యాఖ్యలున్నాయి, అవ్వది లేదు. వరసగా ఇంకో నాలుగు తెరిచి చూశాను. ఎక్కడా లేదు.

అమ్మను మేము అవ్వ అనే, నాన్నను బాపు అనే పిలిచేవాళ్లం. బోధన్ దగ్గరి పల్లెలో బాపు చెరకు పండిస్తే, అవ్వ బీడీలు చుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. బాబు పుట్టినప్పుడు నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లోని మా ఇంటికి పురుడు చూడటానికి వచ్చింది. వస్తూ బీడీల చాట, కత్తెర కూడా తెచ్చుకుంది. బాపు అప్పటికే లేడు కాబట్టి నేనే ఆమెను వెళ్లనివ్వలేదు. మధ్యాహ్నం బాబు పడుకున్నాక నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆమె కింద గోడకు ఆనుకుని తునికాకు కత్తిరించేది.

"సదువు, ఏం రాసినవో" అనేది.

చదివేదాన్ని. చిన్నప్పుడు బాపుతో చెరకుబండి ఎక్కి చక్కెర ఫ్యాక్టరీకి పోయిన రోజు గురించి రాశాను. దారంతా వాన పడిందని కూడా రాశాను.

"వాన యాడిది? ఫ్యాక్టరీ నడిసేది సలికాలంల, అప్పుడు వాన పడతదా? నువ్వే ఏడ్సి ఏడ్సి మొకం తడుపుకున్నవ్. గదే నీ వాన."

నేను టపా దిద్దలేదు. ఆమె అన్నది అన్నట్టుగా కింద వ్యాఖ్యగా టైపు చేశాను. పేరేం పెట్టాలని అడిగితే, "అవ్వ అని పెట్టు, ఎవ్వల అవ్వనో సదివెటోళ్లకు ఎర్కైతది" అంది. ఈ-మెయిల్ అడిగే గడిని ఖాళీగా వదిలేశాను. ఆ తర్వాత ప్రతి టపాకీ అదే పద్ధతి. కింద అవ్వ నా అబద్ధాలు పట్టుకునేది.

ఆమె పోయి పది నెలలైంది. ఇంతలో మేము రాసుకునే ఉచిత బ్లాగుల సంస్థ మూతపడుతున్నదని ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా ఎవరి రాతలు వాళ్లు తీసుకుపోవాలట. నేను సొంత సైటుకు ఒక పేరు కొని, సర్వర్‌లో కొంత చోటు అద్దెకు తీసుకున్నాను. పిల్లల వేసవి సెలవులతో పని సాగి సాగి, ఆఖరి రోజు పొద్దున గాని రాతలు కొత్త చోటికి చేరలేదు. అవ్వ మాటలు రాలేదని చూసింది అప్పుడే.

వరంగల్‌లో ఉండే ఒక అక్కకు ఫోన్ చేశాను. ఎప్పుడూ ముఖం చూసుకోలేదు. బ్లాగుల వల్లనే పరిచయం, సొంత సైటు పెట్టడం నేర్పిందీ ఆమే.

"అవ్వయి ఒక్కటి గూడ రాలే అక్కా."

"ఈ-మెయిల్ రాసినవా ఆమెకు?"

"లేదు."

"గందుకే రాలే. కొత్తదాంట్ల ఈ-మెయిల్ లేనిది వ్యాఖ్య తీసుకోదు. నీ ఈ-మెయిలే ఏసి ఒక్కొక్కటి ఎక్కియ్యి. జల్ది చెయ్యి. నిజం చెప్తున్న, మేము నీ బ్లాగుకు వచ్చేది పైన నువ్వు రాసినదానికి కాదు, కింద అవ్వ తిట్టేదానికి!"

నవ్వాను. నా ఈ-మెయిల్ వేసి ఒకటి ఎక్కించి చూశాను. "వాన యాడిది" అన్న మాట పక్కన నా ఫోటో వచ్చింది. వెంటనే తీసేశాను.

"నువ్వు టైపు చేసినయే గద. ఒక్కొక్కటి ఎక్కిచ్చుడెందుకు, యాదికున్నయి మళ్ల రాసుకో" అన్నారు మా ఆయన.

"యాది మీద రాస్తే అవి నా మాటలైతయి."

అవ్వ పేరు మీద ఈ-మెయిల్ తెరవడానికి కూర్చున్నాను. పుట్టిన తేదీ అడిగింది. ఆమెకు తెలియదు. బీడీ కార్డులో గుమాస్తా ఊహించి వేసిన తేదీ ఉంటే అదే వేశాను. తర్వాత, పాస్‌వర్డ్ మరిచిపోతే అడిగే రహస్య ప్రశ్న. మొదటి బడి పేరేమిటి? ఆమె బడికే పోలేదు. ఇంకొకటి ఎంచుకున్నాను. మీకు అన్నిటికంటే ఇష్టమైన వంటకం ఏది?

బాపుకు జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. నాకు పచ్చిపులుసు.

"అవ్వకు ఏం ఇష్టముండె?" అని లోపలికి కేకేశాను.

"పోలెలు మస్తు చేసేది" అన్నారాయన, బొబ్బట్లను తలుచుకుని.

"నీకు చేసేది. ఆమెకు ఏం ఇష్టం?"

ఆయనకూ తెలియదు. అందరూ తిన్నాక గిన్నెలో ఏది మిగిలితే అది తినేది అవ్వ. నేనూ ఎన్నడూ అడగలేదు. ఆ గడిలో "తెలియదు" అని రాశాను. దానికి అది చాలింది.

పాత బ్లాగులోంచి ఒక్కొక్కటే తీసి ఎక్కించసాగాను. మొదటిది ఎక్కించగానే, "ఈ వ్యక్తి మొదటిసారి వ్యాఖ్య రాస్తున్నారు. అనుమతిస్తారా?" అని అడిగింది. అనుమతించాను. అన్నింటి కిందా ఆ రోజు తేదీయే పడింది. తేదీలు మార్చవచ్చని అక్క చెప్పింది. మార్చలేదు. అవ్వ ఆ పొద్దుటి నుంచి నాతో మాట్లాడుతూనే ఉన్నట్టు కనిపించింది.

ఆరింటికి కరెంటు పోయింది. మూడు గంటల తర్వాత వచ్చింది. పిల్లలను పడుకోబెట్టి మళ్లీ కూర్చున్నాను. మొత్తం ఎనభై రెండు. పన్నెండు కొట్టే వేళకు యాభై ఏడోది ఎక్కించి తర్వాతిది తెరవబోతే పాత బ్లాగు రాలేదు. మళ్లీ నొక్కాను. సేవలు ముగిశాయని ఒక వాక్యం మాత్రం ఉంది. మిగిలిన ఇరవై అయిదింటిలో నాలుగైదు గుర్తున్నాయి. అవి కూడా ఆమె అన్నవేనా, నేను కల్పించుకున్నవా అని రూఢిగా చెప్పలేను. వాటిని ఎక్కడా రాయలేదు.

పొద్దున పిల్లలకు మామిడిపండు కోసి పెట్టాను. ముక్కలన్నీ వాళ్ల పళ్లెంలో వేశాను. బాబు ఎప్పటిలాగే టెంక తీసి నా వైపు జరిపాడు.

"అమ్మా, నీది."

"గది గాదురా అమ్మకు ఇష్టం" అన్నాను. పక్కన తింటున్న పాప తలెత్తింది. "మీకు ముక్కలు తక్కువైతయని టెంక తింట. నాకు గూడ ముక్కలే ఇష్టం. ఇద్దరు యాది పెట్టుకోండ్రి."