కూర్మనాథుడి దగ్గర నా వేలంపాట

మా పాపకు మూడేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. అమ్మ అనలేదు, నాన్న అనలేదు. నేనేమో నిద్రలో కూడా మాట్లాడే మనిషిని. మా అత్త ఈ రెండూ కలిపి ఒక నిర్ణయానికి వచ్చింది.

“మన గుంటకి రావాల్సిన మాటలన్నీ నువ్వే వాడీసినావే. దానికేటి మిగిల్చినావు?”

శ్రీకాకుళంలో డాక్టరమ్మకు చూపించాం. చెవి పరీక్ష చేయించి, వినికిడి బాగానే ఉందంది. కొందరు పిల్లలకు ఆలస్యమవుతుంది, నెలనెలా తీసుకురమ్మంది. “మీరు ఒక మాట అన్నాక కాసేపు ఆగండమ్మా, పాపకు కొంచెం సందివ్వండి” అని కూడా చెప్పింది. అలాగేనండి అని, ఎంతసేపు ఆగాలి, ఆగితే పాప ఏమనుకుంటుంది, ఆగినా మాట్లాడకపోతే ఏం చెయ్యాలి అని అడుగుతూ కూర్చున్నాను. బయట తమ వంతు కోసం చూస్తున్నవాళ్లు తలుపు తోసి చూశారు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూనే, శ్రీకూర్మం కూడా వెళ్లి కూర్మనాథస్వామికి మొక్కుకున్నాను. పాపకు మాటొస్తే కొబ్బరికాయ కొడతానన్నాను. నెల గడిచింది. రాలేదు.

ఇక్కడ మా సంగతి చెప్పాలి. మాది చేపలమ్ముకునే ఇల్లు. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే ఇసుక మీదే చేపలు గుట్టలు పోసి వేలం వేస్తారు. అత్త పక్కన నిలబడి నేనూ పాడతాను. సరుకు దక్కలేదంటే మన పాట చాలలేదని అర్థం. పెంచాలి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే కాబట్టి దేవుడి దగ్గర కూడా పెంచాను. కొబ్బరికాయకు పట్టువస్త్రం చేర్చాను. దానికి నా తలనీలాలు చేర్చాను. అప్పటికీ మాట రాకపోయేసరికి, వచ్చేదాకా చేపల కూర ముట్టనన్నాను. దీనికి మాత్రం ఇంట్లో అందరూ భయపడ్డారు. మా ఇంట్లో వేరే కూర వండటం ఎవరికీ సరిగ్గా రాదు.

“ఒసే, ఎవులతో పోటీ పడి పాడతన్నావే?” అంది అత్త. “అక్కడ నీ మీద పాడేవోళ్లు ఎవులైనా ఉన్నారేటి?”

ఆలోచించాను. ఎవరూ లేరు.

“మరి ఎందుకివ్వడు అత్తా?”

“ఇవ్వననీసి నీకు సెప్పినాడేటి? తాబేలై కూకున్న సామి కాడికెల్లి తొందర తొందరంతావు. ఇంకో గుడే దొరకనేదా నీకు?”

ఆ మాటకు నవ్వు రావాలి. నాకు ఏడుపొచ్చింది. మా పాపకంటే చిన్నది, పక్కింటి పిల్ల, గుమ్మంలో నిలబడి “ఎందుకేడస్తన్నావు పిన్నీ?” అని అడిగింది. అంత స్పష్టంగా అడిగేసరికి ఇంకా ఎక్కువ ఏడ్చాను.

మళ్లీ పాపను తీసుకుని శ్రీకూర్మం వెళ్లినప్పుడు అత్త కూడా వచ్చింది. స్వామి ముందు నిలబడితే, పెంచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. చేతులు జోడించి చాలాసేపు వెతికాను. చివరికి “సామీ, నా గుంట. నీకు తెల్సు” అన్నాను. అంతే. నా జీవితంలో అంత చిన్న మాట ఇంకోటి లేదు. జవాబేమీ రాలేదు. కానీ పిల్లను కాసేపు పెద్దవాళ్ల ఒళ్లో పెట్టి వచ్చినట్టు, చేతులు తేలికయ్యాయి. మాటొచ్చినా రాకపోయినా ఆయన దాన్ని కింద పెట్టడనిపించింది.

ఆ గుడి ఆవరణలో తాబేళ్లను పెంచుతారు. వచ్చినవాళ్లు ఆకుకూర పెడతారు. పాప కంచె పక్కన కూర్చుని తోటకూర కాడ ఒకటి చాపింది. ఎదురుగా ఉన్న తాబేలు తల లోపలే పెట్టుకుంది. రావే, తినవే, పాప చేతులు నొప్పెడుతున్నాయే అని నేను దాన్ని బతిమాలాను. నేను బతిమాలినకొద్దీ అది ఇంకా లోపలికి పోయింది.

అత్త నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “నువ్వూరుకో. అదొస్తాది.”

ఊరుకున్నాను. కష్టంగానే ఉంది. చాలాసేపటికి ముక్కు కనిపించింది, తర్వాత ఒక కన్ను. కాడ వైపు ఒక అడుగు వేసి మళ్లీ ఆగింది. అప్పుడే రోడ్డు మీద మా బస్సు హారన్ కొట్టింది. అది పోతే సాయంత్రం దాకా ఇంకోటి లేదు. గబగబా పాప రెక్క పట్టి లేపాను. పాప చెయ్యి విదిలించుకుంది.

“ఉండు.”

నేను అత్త వైపు చూశాను. అత్త నా వైపు చూసింది. ఆ మాట మా ఇద్దరిలో ఎవరూ అనలేదు. పాప మాత్రం మా వైపు చూడనే లేదు, తాబేలు వైపే చూస్తోంది.

కూర్చున్నాను. అత్త కూడా కొంగుతో కళ్లొత్తుకుంటూ నా పక్కనే చతికిలబడింది. తాబేలు ఆ కాడంతా తింది. మధ్యలో విశ్రాంతి కూడా తీసుకుంది. బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. మా ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. తర్వాత ఇంటికి చేరేదాకా పాప ఇంకో మాట అనలేదు, నేనూ అడగలేదు.

మా ఆయన విశాఖ హార్బర్లో బోటు మీద పనిచేస్తాడు. ఆ రాత్రి ఫోన్ చేశాను.

“మావా, మన గుంట మాట్లాడినాది.”

“ఏటీ? ఏటన్నాది?”

“ఉండమన్నాది.”

కాసేపు గాలి చప్పుడు, ముక్కు చీదిన చప్పుడు వినిపించాయి.

“మరి ఉన్నావా?”

“ఉన్నాను మావా.”