దేవుడి పాలుగా రాసిన సీటు

నాకు పాథాలజీ సీటు వచ్చిందన్న కబురు మొదట తెచ్చినవాడు కండక్టర్ బావ (ఊరందరికీ బావే). ఆ రోజుల్లో మా కొండ మీద సిగ్నల్ కంటే మబ్బులే తేలిగ్గా చేతికందేవి. అందుకే సాలూరులో ఫోన్లో చూసి చెప్పమని పాస్‌వర్డు అతనికే ఇచ్చాను. గుమ్మలక్ష్మీపురం సంత దగ్గర బస్సు ఆగీ ఆగకముందే ఫుట్‌బోర్డు మీంచి కేకేశాడు: "ఓలమ్మా, గుంటకి సీటొచ్చీసింది! మొదట రాసిందే!" నేను అల్లం బస్తా మీద కూలబడి ఏడ్చాను. సంతోషమనుకుని చింతపండు అమ్మే ఆవిడ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. ఏడుస్తూ బెల్లం చప్పరించడం అంత తేలిక కాదు.

ఆ ఏడుపుకు కారణం నా తెలివే. అమ్మ పోయాక నన్ను పెంచి, పదో తరగతి దాకా ఇంట్లోనే చదువు చెప్పింది మా మేనత్త. ఆవిడ రొమ్ములో గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపితే, అది చూసే డాక్టరు లేక రిపోర్టు రావడానికి నెలన్నర పట్టింది. అందుకే ఎంబీబీఎస్ అయ్యాక ఆ చదువే చదువుతానన్నాను. "మడిసిని సూడకుండా ముక్కని సూత్తావా? మరి నాడి ఎవులు సూత్తారే?" అని నవ్వింది అత్త. విశాఖలో సీటొస్తే ఆవిడ వైద్యం నా కళ్లముందే జరుగుతుందని నా ఆశ. కాలేజీల పేర్లు వరుసలో పెడుతుంటే పక్కన కూర్చుని, "మొదటిది మనం ముట్టుకోకూడదమ్మా, దేవుడి పాలు" అంది. మా కొండల్లో కొత్త పంట మొదటి కోత ఎవరూ తినరు; మేం చర్చికిస్తాం. సరేనని, నా ర్యాంకుకు ఎలాగూ రాదనుకున్న ఢిల్లీ కాలేజీని మొదట రాసి, విశాఖను రెండోది చేశాను. పాథాలజీకి ఢిల్లీలోనూ పోటీయే ఉండదని (అందరూ నాడి చూడాలనుకునేవాళ్లే మరి) నాకు తట్టనేలేదు.

"వదిలేస్తానత్తా" అన్నాను.

"దేవుడికిచ్చీసి మళ్లీ లాక్కుంటావేటే? బేగి బట్టలు సర్దుకో."

రెండో ఏడు వానల్లో అత్త పోయింది. నేను రైళ్లు, బస్సులు మారి కొండకు చేరేసరికి సమాధి మీద మట్టి అప్పటికే కుంగింది.

ఇప్పుడు కొండ కిందే ఒక ఆసుపత్రిలో స్లైడ్లు చూస్తున్నాను. మూడో రోజుకల్లా రిపోర్టు ఇచ్చేస్తాను. స్తోత్రం చెప్పుకోని ఉదయం లేదు. ఒక్కోసారి, రాదనుకున్న సీటును దేవుడికిచ్చి తప్పించుకోవాలనుకున్న ఆ గుంట గుర్తొచ్చి ఈ కళ్లజోడు డాక్టరమ్మకు నవ్వొస్తుంది. ఆ నవ్వు చివరిదాకా నిలవదు. మీరు ఏ దేవుడి ముందు చేతులు జోడించినా మా అత్తను ఒక్కసారి తలుచుకోండి. పేరు చెప్పక్కర్లేదు, ఆయనకు తెలుసు.