రాతి తల మీద తెల్ల వేలిముద్ర

వలస కూలీలు ఇకామా అనే నివాస అనుమతి కార్డులో రాసిన పని కాక వేరే పని చేస్తే దేశం దాటించేస్తున్న నితాఖత్ చట్టం రోజులు. బురైదా బస్సులో కూర్చుని, పత్రికలోని భారీ ఓల్మెక్ రాతి తల బొమ్మ చూస్తూ, దాన్ని చక్రాల్లేకుండా ఎందరు లాగారో లెక్కవేస్తున్నాను. పక్కసీటు ఆయన తెల్లసిమెంటు అంటిన వేలు బొమ్మ చెంప మీద పెట్టాడు.

“ఎవలు చెక్కిన్రన్నా?”

“మూడు వేల ఏళ్ళ కిందటి మెక్సికో వాళ్ళు. ఓల్మెక్‌లన్నది పరాయివాళ్ళు తర్వాత పెట్టిన పేరు. అసలు పేరు తెలియదు.”

“నా లెక్కనే!” నవ్వాడు. “ఇకామాల గొర్లకాపరిని. చేసేది టైల్స్ పని. గొర్రెను కూరగిన్నెలనే జూసిన.”

బస్సు ఆగింది. పోలీసు ఎక్కి ఆయన ఇకామా చూశాడు, చేతులు చూపించమన్నాడు, దిగమన్నాడు.

ఆయన లేకుండానే బస్సు కదిలింది. లెక్క ముందుకు సాగలేదు. ఆయన పేరు నేను అడగలేదు. తలుచుకున్నప్పుడల్లా టైల్స్ మేస్త్రీ అనే తలుచుకుంటాను.